బలం సూది

మూడు నెలలకొకసారి ఆ సంచుల ఫ్యాక్టరీలో చిన్న సందడి జరిగేది. పదకొండు గంటలకు టీ గంట మోగగానే జిప్పుల లైనులో మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునేవి. ఆడవాళ్ళు ఒళ్ళోని దారపు ముక్కలు దులుపుకుని, నడుము విరుచుకుని లేచి, ఆరోగ్య గది గుమ్మం ముందు వరస కట్టేవారు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో గులాబీ రంగు కార్డు. యూనిఫాం కోటు చేతిని భుజం దాకా మడుచుకుని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

“తోసుకోకండే! సూది పొడిపించుకోవడానికి కూడా ఇంత తొక్కిసలాటా? అక్కడేమైనా దుప్పట్లు పంచుతున్నారా?” అని లైనక్క కేకలేసేది.

“ఏం చేస్తాం వదినా, ఈ ఫ్యాక్టరీ మనకి ఊరికే ఇచ్చేది ఈ పోటొక్కటేగా!” అనేది వరసలోంచి పిచ్చుక. అందరూ గొల్లుమనేవారు.

లోపల నర్సమ్మ నవ్వుతూనే దూదితో చేయి తుడిచి, నొప్పి తెలియకుండా సూది వేసి, కార్డు మీద తేదీ రాసేది. బల్ల మీద అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మీద ఒక్కొక్కరూ సంతకం చేసేవారు. ఆ కాగితం పై సగం ఎప్పుడూ వెనక్కి మడిచి ఉండేది. అందరి సంతకాలూ అయ్యాక అట్టడుగున నర్సమ్మ వేలు పెట్టి చూపిన చోట లైనక్క చదవకుండానే సంతకం చేసేది. మిషన్లు మళ్ళీ మోగేవి.

చదువుతున్న మీలో ఎవరైనా ఆ పూట అక్కడ ఉండి ఉంటే, కూలివాళ్ళ ఆరోగ్యం కోసం ఇంత తాపత్రయపడే యాజమాన్యం కూడా ఉంటుందా అని ముచ్చటపడి ఉండేవారు. లైనక్క కూడా ముచ్చటపడింది. తను పడటంతో ఆగలేదు, ముప్ఫై రెండు మిషన్ల ఆడవాళ్ళనూ నమ్మించింది. ఆమె కథ చెప్పుకోవలసి వచ్చింది అందుకే.

లైనక్క ఆ ఫ్యాక్టరీలో చేరి పద్దెనిమిదేళ్ళు. జిప్పుల లైనుకు పెద్ద. పళ్ళు తప్పిన జిప్పును చేత్తో తడిమి చెప్పేది, చూడనక్కర్లేదు. ఐదో తరగతితో చదువు ఆగినా మాట మీద నిలబడే మనిషని పేరు. భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక, పిల్లాజెల్లా లేని ఆమె తల్లి దగ్గరకు వచ్చేసింది. తల్లి, వ్యాను నడిపే తమ్ముడు, రెండు గదుల ఇల్లు. ఆ ఇంటికి పెళ్ళయి వచ్చిన మరదలే పిచ్చుక. నోటికి క్షణం విరామం ఉండదు కాబట్టి లైనులో ఆ పేరు పెట్టారు. ఆ పిల్లను ఫ్యాక్టరీలో చేర్పించింది, పక్కన కూర్చోబెట్టుకుని జిప్పు కుట్టడం నేర్పింది లైనక్కే.

ఇక నర్సమ్మ సంగతి. ఒకసారి మిషన్ సూది లైనక్క వేలి గోటిలోంచి దిగబడి విరిగిపోతే, అరగంట సేపు కబుర్లు చెబుతూ ముక్కముక్కగా బయటికి తీసింది ఆవిడే. భర్త పోయిన కబురు ఫ్యాక్టరీకి వచ్చిన రోజున లైనక్క తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదీ ఆవిడే. అప్పటినుంచి ఇద్దరూ ఒకే డబ్బాలో భోజనం చేసేవారు. “తోడబుట్టినవాళ్ళు కూడా ఇలా చూడరు” అని లైనక్క పదిమంది దగ్గర చెప్పుకునేది.

ఏడాదిన్నర కిందట ఒక మధ్యాహ్నం నర్సమ్మ గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“లైనక్కా, మీవాళ్ళకి ఒంట్లో రక్తం లేదు. కళ్ళు తిరిగి మిషన్ల మీద పడుతున్నారు. మేనేజరుగారు మంచి మనసుతో బలం సూదులు తెప్పించారు. కానీ సూదంటే ఒక్కరూ ముందుకు రావట్లేదు. నువ్వు చెబితే వింటారు.”

“దానికేం భాగ్యం? ముందు నాకే వెయ్యి” అంది లైనక్క.

అందరి ఎదుటా చేయి చాపి సూది వేయించుకుంది. “చూశారా, చచ్చానా? చీమ కుట్టినట్టుంది అంతే” అంది. ఆ మాటతో వరస కదిలింది. ఆమె చేయి చూసి అందరూ చేతులు చాపారు.

మూడో సూది నాటికి లైనులో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరికి నెలసరి ఆగిపోయింది. ఒకరికి ఇరవై రోజులు ఆగకుండా కనబడింది. కొందరికి ఒళ్ళు వచ్చింది. నర్సమ్మ నవ్వి, “రక్తం వృథాగా పోకుండా ఒంట్లో నిలబడుతోంది తల్లీ. బలం పట్టడమంటే అదే మరి” అంది. నెలకు నాలుగు రోజులు గుడ్డలతో, కడుపునొప్పితో అవస్థపడి, మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడల్లా సూపర్‌వైజరు గడియారం చూసే బతుకులకు ఆ మాట వరంలా తోచింది. ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఒక్క పిచ్చుక మాత్రం ఒకరోజు దారిలో నిలబడిపోయింది.

“వదినా, నాకీ సూది వద్దు. నెలసరి రావట్లేదు. రానప్పుడల్లా ఇంట్లో అత్త నా మొహం వంక ఆశగా చూస్తుంది. తీరా చూస్తే ఏమీ ఉండదు. నాకు చచ్చేంత సిగ్గుగా ఉంటోంది.”

“పిచ్చిదానా, నేను వేయించుకునేదీ అదే సూది కదా? నాకేమైనా ఆగిందా? ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కోలా ఉంటుంది. కన్నతల్లి కాబోయేదానివి, బలం ఉండొద్దూ?” అంది లైనక్క. అని, చేయి పట్టుకుని తీసుకువెళ్ళి తనే వరసలో నిలబెట్టింది.

ఇంట్లో అత్త చెడ్డ మనిషి కాదు. కానీ ఆవిడ నోరు కత్తెర. పెళ్ళయి రెండేళ్ళు దాటేసరికి ఆ కత్తెర ఆడటం మొదలుపెట్టింది. “మొక్కకి నీళ్ళు పోయడమే తప్ప కాయ కాసే యోగం ఈ ఇంటికి లేదు” అని గోడకి చెప్పేది. ఎదురింటి కోడలు రెండో బిడ్డను ఎత్తుకుని వెళుతుంటే తలుపు వేసేసేది. చివరికి కొడుకుతో, “ఇంకో ఏడాది చూస్తానురా. తర్వాత నా దారి నేను చూసుకుంటాను” అంది. ఆ దారేమిటో అందరికీ తెలుసు. వేరే సంబంధం. తమ్ముడు వెళ్ళి వ్యాను తుడుచుకున్నాడు. పిచ్చుక కిచకిచలు తగ్గాయి. మిషన్ దగ్గర కూర్చుంటే కుట్టు తప్ప చప్పుడు లేదు.

అదే రోజుల్లో ముందు ఆఫీసులో సంచుల నమూనాలు గీసే డిజైను మేడం కడుపుతో ఉంది. మేనేజరుగారు ఆవిడకు మెత్తటి కుర్చీ వేయించారు. మెట్లు ఎక్కకుండా గది కిందికి మార్పించారు. ఆరు నెలలు సెలవు ముందే మంజూరైంది. నమూనాలు పట్టుకెళ్ళిన లైనక్క అదంతా చూసి, మనసారా సంతోషించి, భోజనాల దగ్గర నర్సమ్మను అడిగింది.

“మేడంగారికి కూడా మన బలం సూదే వేశావా? వట్టి మనిషి కూడా కాదు, ఆవిడకి ఇంకాస్త ఎక్కువ బలం కావాలి కదా?”

నర్సమ్మ నోటి దగ్గరి ముద్ద ఒక్క క్షణం ఆగింది. “ఆవిడకెందుకులే” అంది. అని వెంటనే వాన గురించి మాట్లాడింది.

ఆ మాట లైనక్క చెవిలోంచి మనసులోకి దిగలేదు. నమ్మకం అలాంటిది. తను చూడదలచుకోని దాన్ని కంటి ముందు పెట్టినా చూడదు.

పిచ్చుకను పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలని పట్టుబట్టింది లైనక్కే. ఏ లోపమూ లేదని డాక్టరు నోట వస్తే అమ్మ నోరు మూతపడుతుందని ఆమె ఆశ. పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకుంటే మధ్యాహ్నానికి పిలుపొచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి, ముక్కుసూటి మనిషి. పిచ్చుకను పరీక్ష చేసి, నెలసరి గురించి అడిగి, పెన్ను కింద పెట్టింది.

“ఏమైనా సూదులు, మాత్రలు వాడుతున్నావా అమ్మా?”

“మా ఫ్యాక్టరీలో బలం సూది వేస్తారండీ, మూడు నెలలకొకటి” అంటూ లైనక్క కాస్త గర్వంగానే కార్డు అందించింది.

డాక్టరమ్మ కార్డును అటూ ఇటూ తిప్పింది. తేదీలున్నాయి, మందు పేరు లేదు. “బలం కోసం మూడు నెలలకొకసారి ఇచ్చే సూది ఏదీ నాకు తెలియదు. మందు చూడకుండా ఏమీ అనలేను. ఖాళీ సీసా ఏదైనా దొరికితే తెండి. అప్పటిదాకా ఈ అమ్మాయికి ఇంకో సూది వేయించవద్దు.”

ఇంటికి వచ్చేదాకా లైనక్క గొణుగుతూనే ఉంది. “పెద్ద చదువులు చదివినవాళ్ళకి అందరి మీదా అనుమానమే. మా నర్సమ్మ సంగతి ఈవిడకేం తెలుసు?” ఆ సీసా పట్టుకెళ్ళి ఈ డాక్టరమ్మ చేత ఔనౌనని అనిపించాలని నిశ్చయించుకుంది.

మళ్ళీ సూదుల రోజు వచ్చింది. పిచ్చుక కడుపునొప్పని చెప్పి మిషన్ దగ్గరే కూర్చుంది. నర్సమ్మ జాబితా చూసి తలెత్తింది.

“మీ మరదలు రాలేదేం?”

“ఒంట్లో బాగాలేదు. వచ్చేసారికి వేయించుకుంటుందిలే.”

“వచ్చేసారి అంటే ఎలా లైనక్కా? మేనేజరుగారు పేరుపేరునా చూస్తారు. సాయంత్రం లోపు తీసుకురా.”

బలం సూది వేయించుకోకపోతే నష్టం పిచ్చుకకు. మేనేజరుకెందుకు? లైనక్క మనసులో మొదటిసారి ఏదో కలుక్కుమంది. నర్సమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, చెత్తబుట్టలోంచి ఒక ఖాళీ సీసా తీసి కోటు జేబులో వేసుకుంది. అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేసినట్టు అనిపించింది. నర్సమ్మ మీద పడిన మచ్చ తుడవడానికే కదా అని తనకు తను చెప్పుకుంది.

ఆ సాయంత్రం పిచ్చుకను తీసుకువెళ్ళకుండా, మర్నాడు సీసాతో ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చదివింది.

“ఇది బలం మందు కాదమ్మా. పిల్లలు పుట్టకుండా వేసే సూది. ఒకసారి వేస్తే మూడు నెలలు కడుపు రాదు. మానేశాక కూడా కొందరికి మళ్ళీ మామూలు కావడానికి ఏడాది దాకా పడుతుంది.”

“కాదండీ...” అంది లైనక్క. “కాదండీ. సీసా మారి ఉంటుంది. నేనూ వేయించుకున్నాను. అందరికంటే ముందు నేనే వేయించుకున్నాను. నాకు నెలనెలా వస్తూనే ఉంది.”

“నీకేం వేశారో నాకు తెలియదు. ఈ సీసాలో ఉన్నది మాత్రం ఇదే” అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే లైనక్కకు ఒక్కొక్క మొహమే కళ్ళ ముందుకొచ్చింది. పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండలేదని పుట్టింటికి పంపించేయబడ్డ మూడో మిషన్ పిల్ల. మందులోళ్ళ చుట్టూ తిరిగి తిరిగి సొమ్మసిల్లే పదకొండో మిషన్ ఆవిడ. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునే పిచ్చుక. వీళ్ళందరినీ వరసలో నిలబెట్టింది ఎవరు?

ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్ళి, ఆరోగ్య గదిలో బల్ల మీద సీసా పెట్టింది.

నర్సమ్మ దాన్ని చూసింది. బుకాయించలేదు. లైనక్కను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించింది అదే. తోటి మనిషిలా మామూలుగా కూర్చోమని కుర్చీ చూపించింది.

“ఎప్పటికైనా తెలుస్తుందనుకున్నాను. గొంతు తగ్గించు. అరిస్తే నీకే నష్టం.”

“ఎందుకు చేశావు?”

“నేనెవరిని చేయడానికి? నాదీ నీలాంటి ఉద్యోగమే. పైనుంచి చెప్పారు. ఒక్కొక్కరూ కడుపని, కాన్పని, చంటిబిడ్డకు జ్వరమని మానేస్తుంటే ఆర్డర్లు ఎలా పూర్తవుతాయి? అయినా ఆలోచించు లైనక్కా, మీవాళ్ళు కని ఏం పెంచుతారు? ఏం తినిపిస్తారు? ఒకరకంగా మేలే చేశాం.”

“మేలయితే చెప్పి చేయొచ్చుగా?”

“చెబితే ఒప్పుకుంటారా?”

ఆ ఒక్క మాటతో లైనక్కకు అంతా అర్థమైంది. ఇంకొక్కటే మిగిలింది. “మరి నాకెందుకు ఆగలేదు?”

నర్సమ్మ కళ్ళు దించుకుంది. “నీకు వేసింది ఉత్త విటమిన్. మొగుడు లేనిదానివి, నీకు ఆ సూదితో పనేముంది? నీ ఒంట్లో ఏ తేడా రాకపోతేనే కదా వాళ్ళకి నమ్మకం... నిన్ను చూసే కదా వాళ్ళు వచ్చారు.”

లైనక్క తన ఎడమ చేతి వంక చూసుకుంది. మన వేలితో మన కన్నే పొడిచారంటారే, అలా తన చేయి చూపించి తన వాళ్ళందరి చేతులకూ సూదులు పొడిచారు. శత్రువు చేసి ఉంటే ఏడ్చేది, తిట్టేది. ఒకే డబ్బాలో తిన్న మనిషి చేసింది. ఏడుపు రాలేదు, తిట్టు రాలేదు. సీసా తీసుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే మేనేజరుగారి దగ్గర నుంచి పిలుపు వచ్చింది. ఆయన కసురుకోలేదు. పోయినసారి సంతకాలు చేసిన కాగితం మడత విప్పి, ముందు పెట్టి, తనే చదివి వినిపించాడు. ‘ఈ సూది పిల్లలు పుట్టకుండా వేసేదని మాకు వివరంగా చెప్పారు. మా ఇష్టంతోనే వేయించుకుంటున్నాము.’ కింద ముప్ఫై రెండు సంతకాలు. అట్టడుగున ‘వివరించి చెప్పిన సాక్షి’ అన్న చోట లైనక్క సంతకం.

“చెప్పింది మీరేనని ఇక్కడుంది. రేపు ఎవరైనా అడిగితే మేం చూపించేది ఇదే. మీరు పాతవారు, తెలివైనవారు. సూపర్‌వైజరు ఖాళీ ఉంది. ఆలోచించుకోండి” అన్నాడు.

నమ్మించి గొంతు కోయడమంటే మాటలోనే విన్నది లైనక్క. కోసిన కత్తి మీద తన వేలిముద్ర కూడా ఉంటుందని అప్పుడే తెలుసుకుంది. నోరు విప్పితే దోషి తను. విప్పకపోతే ఇంకా పెద్ద దోషి. ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది. దారిలో ఎక్కడా కూర్చోలేదు. కూర్చుంటే లేవడానికి ధైర్యం చాలదని భయపడింది.

ఆ మర్నాడు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉన్నారు. తల్లిని, తమ్ముడిని, పిచ్చుకను ఎదురుగా కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. తన సంతకం సంగతి కూడా దాచలేదు. తమ్ముడు పిడికిలి బిగించి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. తల్లి నోరు తెరిచింది, మూసుకుంది. అన్నేళ్ళలో ఆవిడకు మాట దొరకకపోవడం అదే మొదలు.

“నన్ను క్షమించవే. నాకు తెలియదు” అంది లైనక్క.

పిచ్చుక తలెత్తకుండానే అంది.

“నీకు తెలియదని నాకు తెలుసు వదినా. కానీ నేను వద్దన్నాను. నా ఒళ్ళు నాకు తెలుస్తోంది, వద్దు అన్నాను. అయినా చేయి పట్టుకుని తీసుకెళ్ళావు. వాళ్ళు నాకు అబద్ధం చెప్పారు, సరే. నువ్వు నా మాటే వినలేదు.”

లైనక్క లేచి, సీసాను గుడ్డలో చుట్టి కోటు జేబులో పెట్టుకుంది.

సోమవారం భోజనాల వేళ, రేకుల షెడ్డులో బెంచీ ఎక్కి నిలబడింది. సీసా చూపించి, డాక్టరమ్మ అన్న మాట చెప్పింది. నర్సమ్మ ఒప్పుకున్న సంగతి చెప్పింది. కాగితం మీద ఏం రాసి ఉందో చెప్పింది. “మిమ్మల్ని వరసలో నిలబెట్టింది నేను. ముందు నన్ను తిట్టి, తర్వాత అడగవలసినవాళ్ళని అడుగుదాం” అంది.

ఒకావిడ డబ్బా విసిరికొట్టింది. మూడో మిషన్ పిల్ల వచ్చి, లైనక్క రెండు భుజాలూ పట్టుకుని ఊపి, ఆ భుజం మీదే పడి ఏడ్చింది. అప్పుడు నలుగురు పిల్లల తల్లి ఒకావిడ లేచింది. నోట్లో సూదుల పెట్టె ఉందని పేరున్న మనిషి.

“నా సంగతి చెబుతాను, అందరూ వినండి. నలుగురు చాలని, ఐదోది వద్దని నేనే ఏడుస్తున్నాను. ఈ సూది సంగతి ముందే చెప్పుంటే వరసలో మొదట నేనే నిలబడేదాన్ని. ఇప్పుడూ నాకు దాని వల్ల నష్టం లేదు. కానీ నన్నెవరు అడిగారు? మా ఇంట్లో మేకని తోలుకెళ్ళేటప్పుడైనా వద్దని అది అరిస్తే ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాం. మేం దానికన్నా హీనమా?”

ఆ మధ్యాహ్నం జిప్పుల లైను కదలలేదు. మర్నాడు గేటు దగ్గర కార్మికులతో పాటు ఒక ముసలమ్మ కూడా వచ్చి కూర్చుంది. లైనక్క తల్లి. కత్తెర నోరు మేనేజరు కారు మీద ఆడించింది. “నా కోడలిని గొడ్డుదాన్ని చేసి నా చేతే తిట్టించావురా! నా నోటి పాపం ఎవడు కడుగుతాడు?” అని అరిచింది. చూసినవాళ్ళు నవ్వలేదు.

పెదవి దాటిన మాట ఊళ్ళు దాటింది. కార్మికుల ఫిర్యాదులు వినే అధికారి వచ్చి విచారణ పెట్టాడు. కంపెనీ తరఫున వకీలు కాగితాలు చూపించి, “అందరూ ఇష్టపడే సంతకాలు చేశారు” అన్నాడు. అప్పుడు డాక్టరమ్మను పిలిచారు. ఆవిడ కాగితాలు చూడలేదు, గదిలో వెనక నిలబడ్డ ఆడవాళ్ళను చూస్తూ చెప్పింది.

“ఈ సూది చెడ్డ మందు కాదు. మా ఆసుపత్రిలో రోజూ ఎంతోమందికి, వాళ్ళు కోరితే, నేనే వేస్తాను. అడిగి వేస్తే అది మందు. అడగకుండా వేస్తే అది దెబ్బ. ఈ ఆడవాళ్ళు నాకు చెప్పారు, అదే ఫ్యాక్టరీలో ముందు గదిలో కూర్చున్నావిడ తల్లి కాబోతుంటే కుర్చీ వేశారు, సెలవిచ్చారు. తప్పులేదు, అది న్యాయం. వెనక షెడ్డులో కూర్చున్నావిడకు మాత్రం తల్లి కాకుండా సూది వేశారు. రెండు గర్భాలకీ తేడా ఏమిటని వైద్యశాస్త్రం తిరగేస్తే నాకెక్కడా కనబడలేదు. తేడా కూర్చున్న గదిలో ఉంది. పేదవాళ్ళకి పిల్లలెందుకని అడిగేవాళ్ళు, ఆ పిల్లల్ని పెంచుకోగలిగే జీతం, సెలవు, చంటిబిడ్డను పడుకోబెట్టే చోటు ఎందుకు లేవని అడగరు. అది అడిగితే జవాబు తామే చెప్పుకోవాలి కదా.”

న్యాయం జరిగిందా అని మీరడుగుతారు. కర్ర విరగలేదు, పాము చావలేదు. సూదులు ఆగిపోయాయి. నర్సమ్మను తీసేశారు. వెళ్ళేటప్పుడు ఆవిడ లైనక్క వంక ఒకసారి చూసింది. ఆ చూపులో పశ్చాత్తాపం ఉందో, నిష్ఠూరం ఉందో లైనక్కకు అంతుపట్టలేదు. మేనేజరుగారిని ఇంకో ఊళ్ళోని ఇంకో ఫ్యాక్టరీకి, ఇంకాస్త పెద్ద కుర్చీకి మార్చారు. తప్పుడు సాక్ష్యం సంతకం చేసినందుకు పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం పోయింది ఒక్క లైనక్కకే. ఇప్పుడు ఆమె సందు చివర సంచులు, గొడుగులు బాగుచేసే కొట్లో పని చేస్తోంది. పుట్టింటికి పంపించేయబడ్డ మూడో మిషన్ పిల్లను మొగుడు తిరిగి పిలవలేదు. అప్పటికే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

పిచ్చుక ఉద్యోగం మానలేదు. లైనులో కూర్చుని, ఏ కాగితమైనా మడత విప్పి చదివిస్తే తప్ప సంతకం పెట్టనని అడ్డం తిరిగేది ఇప్పుడు ఆమే. వదినతో మాట్లాడుతుంది. కానీ వెనకటిలా మేలమాడదు.

పది నెలలకు ఆమె ఒళ్ళు మామూలు దారిలో పడిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట వినగానే అత్త సంబరం అంతా ఇంతా కాదు. ఆ మర్నాడు పొద్దున వంటగది గుమ్మంలో కూర్చుని మొదలుపెట్టింది.

“ఇంకేం, అడ్డు తొలిగింది. ఇక ఆలస్యం చేయకు అమ్మాయ్. ఏడాది తిరిగేసరికి నా ఒళ్ళో మనవడో మనవరాలో ఉండాలి. ఫ్యాక్టరీ మానేసి ఇంటిపట్టున ఉండు.”

పక్కనే సంచి కుడుతున్న లైనక్క, అలవాటు కొద్దీ తల్లి మాటకు వంత పాడబోయి, “అవునే...” అంది.

పిచ్చుక చేతిలోని గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

“అత్తా, నాకూ బిడ్డ కావాలి. కానీ ఇప్పుడే కంటామో, రెండేళ్ళాగి కంటామో, నేనూ మీ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకుంటాం. పుట్టకూడదని ఫ్యాక్టరీ నన్ను అడగకుండా నిర్ణయించింది. పుట్టి తీరాలని మీరు నన్ను అడగకుండా నిర్ణయిస్తున్నారు. సూది ఒక్కటే లేదు, మిగతాదంతా అదే కదా?”

ముసలమ్మ కోపంగా కూతురి వంక చూసింది. సమర్థించమని ఆ చూపు అడిగింది. లైనక్క చేతిలోని కుట్టు ఆగిపోయింది. వద్దు అన్న పిల్ల చేయి పట్టుకుని వరసలోకి లాక్కెళ్ళిన చేయి అది. నర్సమ్మ ద్రోహం, మేనేజరు ద్రోహం ఏడాదిగా లెక్కపెట్టుకుంటూ వచ్చిన మనిషికి, ఆ వరసలో తన పేరు కూడా ఉందని, అది కాగితం మీది సంతకంతో రాలేదని అప్పుడు పూర్తిగా తెలిసింది.

“అమ్మా, దాన్ని వదిలెయ్యి. అది చెప్పిందే సరైంది” అంది లైనక్క. “ఉన్నవాళ్ళ ఇంటి ఆడదాన్ని ఏం కావాలమ్మా అని అడుగుతారు. మన ఇంటి ఆడదాని విషయం యజమాని, నర్సు, అత్త, ఆడబిడ్డ, అందరూ తలా ఒకటి తేల్చేస్తారు. కనాలన్నా, వద్దన్నా, ఆ మాట ముందు రావలసింది మోసే తల్లి నోట్లోంచే. అది వినని వాళ్ళు ఎంత మేలు కోరినా చేసేది ద్రోహమే.”